పలకని ఒట్టు

మరకతగిరి రాజ్యానికి రాజధాని శిలాతోరణపురం. ఆ నగరాన్ని చూడనివాళ్లు, చూసివచ్చినవాళ్లను పట్టుకుని వర్ణించమని ప్రాణం తీసేవాళ్లు. చూసివచ్చినవాళ్లు వర్ణించడం మొదలుపెడితే మాత్రం వాళ్లను ఆపడం ఎవరి తరమూ అయ్యేది కాదు. నీలవేణీ నదిలో తమ నీడలు తామే చూసుకు మురిసే చంద్రకాంత శిలల కోటగోడలు, ఆ గోడల మీద బారులు తీరిన మకరతోరణాలు, రత్నకంబళ్లు పరిచినట్టుండే ఉద్యానవనాలు, రెండు మదపుటేనుగులు ఎదురెదురుగా వచ్చినా ఒరుసుకోకుండా పోగలిగిన రాజవీథులు, ఇవన్నీ చెప్పి, ఊపిరి తీసుకుని, "అయ్యో, అసలు సంగతి చెప్పనే లేదు. గోరింకల మేడ!" అని మళ్లీ మొదలుపెట్టేవాళ్లు.

గోరింకల మేడ అంగడివీథి చివర, నది మలుపు తిరిగేచోట ఉంది. అంతస్తు మీద అంతస్తుగా లేచిన తెల్లని మేడ. గోడలనిండా గూళ్లు, గూళ్లనిండా గోరింకలు. మామూలు గోరింక విన్నదల్లా వీథిలో వల్లిస్తుంది. ఈ మేడలోవి అలాంటివి కావు. కబురు పంపదలుచుకున్నవాడు పలుకుగదిలోకి ఒంటరిగా పోయి, పక్షిని మణికట్టు మీద కూర్చోబెట్టుకుని, చెప్పదలుచుకున్నది దాని చెవిలో చెప్పి, చివర ఒక గుర్తుమాట అంటాడు. పక్షి ఎన్ని కొండలు దాటినా సరే, అవతలివాడు ఆ గుర్తుమాట అనేదాకా నోరు విప్పదు. వర్తకులు బేరసారాలు పంపేవాళ్లు. ప్రేమికులు నిట్టూర్పులు పంపేవాళ్లు. కొత్తకోడళ్లు పుట్టింటికి అత్తల మీద చాడీలు పంపేవాళ్లు. ఎవరు ఎవరికి ఏం పంపారో మేడ యజమానురాలికి కూడా తెలియదు. తెలుసుకోకుండా ఉండటమే ఆమె పని.

ఆ యజమానురాలు వకుళమాల. మనిషి సన్నం, నాలుక కారం, ఎవరికీ బెదిరే రకం కాదు. మేడ ఆమెకు అమ్మమ్మ నుంచి వచ్చింది. మేడతోపాటు ఒక ఆచారం కూడా వచ్చింది. అమ్మమ్మ రోజుల్లో ఒక రాజు పలుకుగదిలో వేగులవాణ్ణి దాచాడు. ఆ వేగులవాడు విన్న మాటల పుణ్యమా అని కొన్ని ఊళ్లు తగలబడిపోయాయి. ఆ తరవాత అమ్మమ్మ ప్రతిరోజూ పొద్దు పొడిచేవేళ మేడ ముందరి వసారాలో నిలబడి, కొర్రలు దోసిట పట్టుకుని, వీథంతా వినేలా ఒట్టు వేయడం మొదలుపెట్టింది.

"ఈ మేడలో పలికిన మాట పరాయి చెవిన పడలేదు, పడదు! గింజ సాక్షి, రెక్క సాక్షి!"

ఒట్టు వేసి గింజలు చల్లితే గోరింకలన్నీ జలజలా వాలేవి. అమ్మమ్మ పోతూ పోతూ వకుళ చెయ్యి పట్టుకుని ఒక్కటే చెప్పింది. "వేయగలిగినన్నాళ్లూ వెయ్యి. వేయలేని రోజున వేయకు."

ఇంత చక్కని మేడ మీద కాలసేనుడి కన్ను పడకుండా ఉంటుందా? అన్నగారు చనిపోగానే సింహాసనమెక్కి కూర్చున్న ప్రబుద్ధుడు ఈ కాలసేనుడే. సింహాసనానికి అసలు హక్కుదారు అన్నగారి కూతురు అపరాజిత. ఆమెను చెరసాలలో పెడితే తప్పించుకుపోయి, ఏ కొండల్లోనో దాగి సేనను కూడగట్టుకుంటోంది. ఏ కొండల్లోనో తెలియకే కాలసేనుడికి అన్నం సయించడం లేదు.

నిన్న మధ్యాహ్నం కాలసేనుడి మాంత్రికుడు వికటజటుడు మేడకు వచ్చాడు. మోకాళ్లదాకా జడలు, బొడ్డుదాకా గడ్డం, మెడలో ఎముకల దండ. వస్తూనే మేడ చుట్టూ బూడిద చల్లి, లోపలికొచ్చి వీథి తలుపు మూసి గొంతెత్తాడు.

"ఈ బూడిద గీత లోపల ఉన్నవారెవరైనా సరే, నేను చెప్పబోయే రాజాజ్ఞ సంగతి మాటగా గాని, రాతగా గాని, సైగగా గాని బయటపెట్టిన మరుక్షణం వాళ్ల నాలుక రాయైపోవుగాక!"

అప్పుడు రాజముద్ర తీసి చూపించాడు. "పిల్లా, రేపటినుంచి మీ పలుకుగదిలో తెర వెనక నేను కూర్చుంటాను," అన్నాడు.

వకుళ నవ్వింది. "కూర్చోవడానికి ఇంకెక్కడా చోటు దొరకలేదా స్వామీ? శ్మశానంలో పీట ఖాళీ లేదా?"

"నవ్వు, నవ్వు. ఈ ఊళ్లోంచి ఎవడో మీ పక్షులతో అపరాజితకు కబుర్లు పంపుతున్నాడు. వాడెవడో నాకు తెలియదు. నీకూ తెలియదని నాకు తెలుసు. వాడు రేపు పక్షి చెవిలో నోరు పెట్టగానే తెలిసిపోతుంది. పక్షి ఎగిరిన దారినే నా గండభేరుండం ఎగురుతుంది. సాయంత్రానికల్లా రాజకుమారి తల కోటగుమ్మానికి వేలాడుతుంది."

ఇది వింటున్న కాపలాదారు సోమన్న ఆగలేకపోయాడు. మంచివాడు, తొందరమనిషి. వీథిలోకి ఒక్క ఉరుకు ఉరికి, "బాబుల్లారా! మేడలో తెర వెనక..." అన్నాడు. అంతే. నోట్లో గులకరాయి పంటికి తగిలినట్టు టక్కుమంది. సోమన్న నోరు పట్టుకుని కూలబడ్డాడు. కళ్లవెంట నీళ్లు కారుతున్నాయి గాని గొంతు దాటి మాట రావడం లేదు. వీథిలోవాళ్లు పాపం పక్షవాతం కాబోలనుకుని వైద్యుడి దగ్గరికి మోసుకుపోయారు.

వకుళకు ఒళ్లు మండిపోయింది. అయినా పైకి తొణకలేదు. "ఇన్ని మంత్రాలు తెలిసినవారు, పక్షులచేతనే పలికించుకోక తెర వెనక దాక్కోవడమెందుకు స్వామీ?" అని అడిగింది.

ఆ ప్రశ్న మాంత్రికుడికి గుచ్చుకుంది. "నోరు మూయించే మంత్రం ఉంది. తెరిపించే మంత్రం ఇంకా పుట్టలేదు," అని గొణిగాడు. వకుళ ఆ మాటను చెవినుంచి జారనివ్వకుండా పట్టుకుంది.

రాత్రంతా ఆమె ఏమేమి ఆలోచించిందో చెప్పుకుంటూ కూర్చుంటే ఇప్పట్లో తెల్లవారదు. కనుక తెల్లవార్చేద్దాం.

తూర్పున ఉషఃకాంత కుంకుమభరణి ఒలకబోసింది. నీలవేణి మీద పొగమంచు పట్టుచీర కుచ్చెళ్లలా జారిపోయింది. కోటబురుజుల బంగారు కలశాల మీద తొలికిరణం తళుక్కుమంది. సరిగ్గా ఆ క్షణంలో గోరింకల మేడ వసారా ఖాళీగా ఉంది.

వకుళ లోపల, వంటింటి గడపలో కూర్చుని తల దువ్వుకుంటోంది. నాలుకను అంగిటికి తాకించి చూసుకుంది. మెత్తగా, తడిగానే ఉంది. మళ్లీ చూసుకుంది. తడిగానే ఉంది. మాంత్రికుడు కట్టడి చేసింది మాటకు, రాతకు, సైగకు. వంటింట్లో తల దువ్వుకోవడం ఆ మూడింట్లో ఏదీ కాదు.

ఇక వీథి సంగతి చూడాలి. శిలాతోరణపురం అంగడివాళ్లకు ఒక వింత అలవాటుంది. పొద్దు పొడిచిందో లేదో వాళ్లు ఆకాశాన్ని చూసి తెలుసుకోరు, వకుళ ఒట్టును విని తెలుసుకుంటారు. ఒట్టు వినబడితే దుకాణం తలుపు తీస్తారు, తక్కెడ తగిలిస్తారు, పొయ్యి రాజేస్తారు. అమ్మమ్మ కాలంనుంచీ అలవాటైపోయి, ఆ ఒట్టులో ఏముందో పట్టించుకోవడం ఎప్పుడో మానేశారు. వాళ్లకది కోడికూత లాంటిది.

ఇవాళ సూర్యుడు బురుజు దాటి పైకొచ్చాడు. పొగమంచు విడిపోయింది. అయినా ఒక్క దుకాణం తెరుచుకోలేదు. బట్టలకొట్టు యజమాని చేతిలో తాళంచెవి పట్టుకుని తలుపు ముందు నిలబడిపోయాడు. దోసెలవాడు పిండి కలిపి, నిప్పు చేతికి తీసుకుని ఆగిపోయాడు.

"ఇంకా తెల్లవారలేదా ఏమిటి?" అన్నాడొకడు, నెత్తి మీద ఎండ మాడుస్తుండగా.

"తెల్లవారితే ఒట్టు వినబడదా?" అన్నాడు ఇంకొకడు, చెమట తుడుచుకుంటూ.

చల్లమ్మే గౌరమ్మకు ఓపిక తక్కువ. కుండ దించి మేడకేసి తలెత్తి అరిచింది. "వకుళమ్మ తల్లీ! పెరుగు పులిసిపోతోందమ్మా! ఆ ఒట్టేదో వేసేస్తే మా బతుకులు మేం బతుకుతాం!"

లోపల వకుళ దువ్వెన పక్కన పెట్టి, జడ అల్లడం మొదలుపెట్టింది. గౌరమ్మా, ఇంకొంచెం ఆలోచించవే, నీకు పుణ్యముంటుంది, అనుకుంది.

ఇంతలో తెర వెనకనుంచి వికటజటుడు ఒళ్లు విరుచుకుంటూ వచ్చాడు. "ఏమే, ఒక్కడూ రాలేదేం?"

"వస్తారు స్వామీ. తొందరెందుకు?"

రాత్రంతా శ్మశానంలో గడిపి మధ్యాహ్నందాకా నిద్రపోయేవాడు గనక వికటజటుడు ఈ ఊరి ఉదయాన్ని ఎన్నడూ చూసి ఎరగడు. రోజూ ఒట్టు ఒకటి ఉంటుందని అతనికెవరు చెబుతారు? కాని అతనికీ చెవులున్నాయి. వీథిలో కేకలు ఎక్కువయ్యాయి. అన్నిటికీ మించి, గింజల వర్తకుడు ఒకాయన నెమ్మదిగా అన్న మాట వసారా దాటి లోపలికి వచ్చింది.

"ఎన్నడూ మానని మనిషి ఇవాళ మానిందంటే... వేయలేదా, వేయలేకపోయిందా?"

వికటజటుడికి సంగతి అర్థమైంది. కళ్లు చింతనిప్పులయ్యాయి. వకుళ జుట్టు పట్టుకుని లేవదీశాడు. "ఓసి టక్కులమారీ! చెప్పకుండానే చెబుతున్నావా? పద, ఒట్టు వెయ్యి!"

"మీరు చెప్పవద్దన్నారు, చెప్పలేదు. నా నాలుక చూడండి, మెత్తగానే ఉంది," అంది వకుళ, నాలుక బయటికి పెట్టి చూపిస్తూ. "అబద్ధపు ఒట్టు వేయమని మీ ఆజ్ఞలో ఎక్కడుంది?"

"ఇప్పుడు చెబుతున్నాను, వెయ్యి!"

"తెరిపించే మంత్రం ఇంకా పుట్టలేదుగా స్వామీ."

మాంత్రికుడు పళ్లు పటపటా కొరికాడు. చేతిలోని దండం విసిరాడు. అది గాలిలోనే రెండు నల్లత్రాచులై వచ్చి వకుళను భుజాలనుంచి పాదాలదాకా చుట్టుకుంది. ఆమెను అలాగే భుజాన వేసుకుని పైకి మోసుకుపోయి, మేడ చిట్టచివరి అంతస్తులో గింజల గదిలో పడేసి తలుపు మూశాడు. గది బయట నిలబడి ముక్కు మూసుకుని ఏదో జపించాడు. జడలు జడగా మారాయి. గడ్డం మాయమైంది. తలుపు సందులోంచి వకుళ తన కళ్లతో తననే చూసుకుంది. తన చీరె, తన గాజులు, చివరికి తన ఎడమ బుగ్గమీది పుట్టుమచ్చ కూడా.

ఆ మాయ వకుళ గబగబా మెట్లు దిగి వసారాలోకి వెళ్లింది. అచ్చం వకుళ గొంతుతో ఖంగుమంది. "ఈ మేడలో పలికిన మాట పరాయి చెవిన పడలేదు, పడదు! గింజ సాక్షి, రెక్క సాక్షి!"

దోసిలి నిండా గింజలు చల్లింది. ఆకలి మీదున్న పక్షులు కొన్ని వాలాయి. వీథి వీథంతా హమ్మయ్య అనుకుంది. తాళాలు తెరుచుకున్నాయి, పొయ్యిలు రాజుకున్నాయి. "ఒళ్లు బాగాలేదు కాబోలు పాపం, ఆలస్యమైంది," అనుకుంటూ జనం పలుకుగది ముందు బారులు తీరారు. బారులో అందరికన్నా ముందు ఒక గాజుల సెట్టి నిలబడ్డాడు. గాజుల మలారం దించి, అరుగు మీద పెట్టి, పక్షిని మణికట్టు మీదికి ఎక్కించుకున్నాడు.

పైన గింజల గదిలో వకుళ ఆ ఒట్టు విన్నది. తన గొంతుతోనే తన అమ్మమ్మ మాట అబద్ధమవుతుంటే విన్నది. ఆమెకు ఏడుపు వచ్చింది, దాన్ని మింగేసింది, తరవాత కోపం వచ్చింది, దాన్ని మింగలేదు. త్రాచులు ఊపిరాడనివ్వకుండా బిగిస్తున్నాయి. చేతులు కదలవు, కాళ్లు కదలవు. కదిలేవి పెదవులొక్కటే.

పుట్టినప్పటినుంచీ గోరింకల మధ్య పెరిగిన మనిషి ఆమె. పామును చూసినప్పుడు గోరింక ఎలా కూస్తుందో ఆమెకు తెలుసు. కర్కశంగా, గొంతు చించుకుని, ఆగకుండా. వకుళ అచ్చం అలాగే కూసింది.

గూళ్లన్నీ ఒక్కసారి అట్టుడికిపోయాయి. గవాక్షంలోంచి గోరింకలు గుంపులు గుంపులుగా దూసుకొచ్చాయి. ఒకటి తోక పీకితే ఇంకొకటి కంట్లో పొడిచింది. రెక్కలు, అరుపులు, ఈకలు తప్ప ఆ గదిలో ఇంకేమీ కనిపించలేదు. మంత్రం వేసినవాడు గోరింకలను ఎలా ఎదుర్కోవాలో ఆ పాములకు నేర్పలేదు. చుట్లు సడలాయి. రెండూ నదివైపు గవాక్షంలోంచి జారి, నదిలోకి గిరాటు వేసినట్టు పడిపోయాయి. పక్షులు మాత్రం శాంతించలేదు, పైకప్పుల మీద వాలి కూస్తూనే ఉన్నాయి.

తలుపుకు బయట గడియ. వీథివైపు గవాక్షం పక్కన గింజల బస్తాలు పైకి లాగే గిలక, దాని తాడు. వకుళ చీరె కొంగు నడుముకు బిగించి, తాడు చేతులకు చుట్టుకుని, గవాక్షంలోంచి దూకింది. అవతలి కొసకు కట్టిన బస్తా రయ్యిమని పైకి లేచింది, ఆమె రయ్యిమని కిందికి దిగింది. దారిలో రెండూ ఢీకొన్నాయి. బస్తా పగిలి, తల మీద కొర్రలు వర్షంలా కురుస్తుండగా వకుళ సరిగ్గా పలుకుగది గుమ్మం ముందు కూలబడింది.

గాజుల సెట్టి అప్పటికే గదిలోకి ఒక అడుగు పెట్టాడు. వకుళ లేచి అతని చెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది.

జనం నోళ్లు వెళ్లబెట్టారు. గుమ్మంలో ఒక వకుళ, వసారాలో ఒక వకుళ.

"మాయలాడి! నా రూపం వేసుకొచ్చింది! పట్టుకోండి!" అని వసారాలోని వకుళ అరిచింది.

"అదే మాయలాడి," అనబోయి గుమ్మంలోని వకుళ ఆగిపోయింది. అది మాయలాడి అంటే, మాయలాడి ఎందుకొచ్చిందని అడుగుతారు. ఎందుకొచ్చిందో చెబితే నాలుక ఉండదు. ఆమె పెదవులు బిగించుకుంది.

జనం ఒకరి తరవాత ఒకరుగా ఇద్దరినీ పరీక్షించారు. పుట్టుమచ్చ ఇద్దరికీ ఉంది. గొంతు ఇద్దరిదీ ఒకటే. పక్షులు ఎవరి మీద వాలతాయో చూద్దామంటే, అవి కప్పులు దిగి రావడం లేదు. ఆఖరికి గౌరమ్మ చేతులు చాపి అందరినీ నెట్టుకుంటూ ముందుకొచ్చింది.

"ఎందుకర్రా ఈ తంటా? ఇద్దరిచేతా ఒట్టు వేయించండి! రోజూ వేసే ఒట్టే! దొంగదెవరో తేలిపోతుంది!"

వసారాలోని వకుళ క్షణం ఆలస్యం చేయలేదు. రొమ్ము మీద చెయ్యి వేసుకుని, కళ్లు సగం మూసి, దేవతలు కూడా తల ఊపేంత భక్తితో ఒట్టు వేసింది. జనం చప్పట్లు కొట్టారు. తరవాత అందరి కళ్లూ గుమ్మంలోని వకుళ మీదికి తిరిగాయి.

ఒక్క ఒట్టు. రోజూ వేసేదే. వేస్తే ఈ జనం నమ్ముతారు. నమ్మి, ఈ గదిలోకి ఒకరి తరవాత ఒకరు నడిచి వెళతారు. వారిలో ఆ ఒక్కడూ ఉంటాడు. ఎక్కడో కొండల్లో ఉన్న ఆడపిల్ల తల తెగిపడుతుంది. వకుళ తల వంచుకుంది. నోరు విప్పలేదు.

"వేయదేం?" "రాదేమో!" "దొంగముండకు ఒట్టెక్కడ వస్తుంది!" అని జనం విరుచుకుపడ్డారు. దోసెలవాడు అట్లకాడ ఎత్తాడు. ఎవరో రాయి విసిరారు, అది వకుళ నుదుటికి తగిలి రక్తం చిమ్మింది. వాళ్లందరినీ పేరు పేరునా ఎరిగిన మనిషి ఆమె. ఆ రాయికన్నా ఆ కళ్లలోని ద్వేషం ఎక్కువ నొప్పి పెట్టింది. అయినా పెదవి కదపలేదు.

గాజుల సెట్టి అప్పుడు ఆమెకు అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. మణికట్టు మీది పక్షిని వదిలేశాడు, అది మిగతావాటి దగ్గరికి ఎగిరిపోయింది. మనిషి నింపాదిగా, నవ్వుమొహంతో ఉన్నాడు.

"ఆగండయ్యా, ఒక్కమాట. మారువేషం వేసుకొచ్చేవాడు ఎందుకు వేసుకొస్తాడు? అబద్ధమాడటానికేగా? ఆ పనికే వచ్చినవాడికి ఇంకో అబద్ధం బరువా? గొంతెత్తి వేస్తాడు ఒట్టు. రాళ్లు పడుతున్నా వేయనిది ఎవరు? ఆ ఒట్టు అబద్ధం కాకూడదనుకునే మనిషి ఒక్కతే. ఈమే మన వకుళమ్మ!"

గింజల వర్తకుడు తల ఊపాడు. "మన వకుళమ్మే అయితే ఎందుకు వేయదు?"

"అదే నేనూ ఆలోచిస్తున్నాను," అన్నాడు సెట్టి. "నిన్నటిదాకా వేసింది. ఇవాళ వేయడం లేదు. నిన్నటికీ ఇవాళ్టికీ ఈ మేడలో ఏదో మారింది. నేనైతే ఇవాళ ఈ గదిలో నోరు విప్పను."

గౌరమ్మ నెత్తి కొట్టుకుంది. బారులో ఉన్నవాళ్లు ఒకరి తరవాత ఒకరు పక్కకు తప్పుకున్నారు. అమ్మకు చాడీలు పంపబోయిన కొత్తకోడలు కొంగు నోట్లో కుక్కుకుని ఇంటికి పరిగెత్తింది.

పలుకుగది ముందు ఒక్కడూ మిగలలేదు. వసారాలోని వకుళ అది చూసింది. కాలసేనుడికి ఏం సమాధానం చెప్పాలో తలుచుకున్నదో ఏమో, కోపంతో ఒళ్లు తెలియలేదు.

"మూర్ఖుల్లారా! ఎక్కడికి పోతారు? తెర వెనక కూర్చునేది నేను! రాజాజ్ఞ తెచ్చింది నేను! మీ ప్రతి మాటా..."

టక్కుమంది.

బూడిద గీత లోపల ఉన్నవారెవరైనా అని గొంతెత్తి పలికిన మహానుభావుడు, ఆ గీత లోపలే నిలబడి ఉన్న సంగతి మరిచిపోయాడు. నాలుక రాయైంది. దాంతో మాయ కూడా సడలింది. చీరె, గాజులు, జడ అలాగే ఉన్నాయి గాని, వాటి మధ్యనుంచి బొడ్డుదాకా గడ్డం బుసబుసా బయటికొచ్చింది. జనం ముందు అదిరిపడ్డారు, తరవాత కడుపు పట్టుకుని నవ్వారు. నవ్వనివాడు వికటజటుడు ఒక్కడే. మంత్రం చదవడానికి నాలుక లేదు గనక, రెండు చేతులూ పైకెత్తి చప్పట్లు చరిచాడు.

కోటవైపు ఆకాశం నల్లబడింది. రెండు తలలు, రెండు ముక్కులు, తెరచాపల్లాంటి రెక్కలు. గండభేరుండం! అది రెక్క ఆడిస్తే దుకాణాల పందిళ్లు లేచిపోయాయి. దాని వెనకే కాలసేనుడి ఆశ్వికులు అంగడివీథిలోకి దూసుకొచ్చారు.

"పరిగెత్తడం వచ్చా వకుళమ్మగారూ?" అన్నాడు సెట్టి.

"దూకడం కూడా వచ్చు!" అంది వకుళ.

సెట్టి మలారం తిరగేశాడు. గాజులన్నీ వీథిలో గలగలా దొర్లాయి, వాటి అడుగునుంచి నిగనిగలాడే కత్తి ఒకటి బయటపడింది. మొదటి గుర్రం గాజుల మీద కాలు జారి రౌతును దోసెలపిండిలో పడేసింది. రెండో రౌతు బల్లెం ఎత్తేలోపు సెట్టి దాన్ని మధ్యకు నరికేశాడు. గాజులు అమ్ముకునేవాడి చేతిలో కత్తి అలా తిరగదని వకుళకు వెంటనే తెలిసిపోయింది. తెలిసింది గాని పైకి అనలేదు. గౌరమ్మ పెరుగుకుండ ఎత్తి మూడోవాడి నెత్తిన బద్దలు కొట్టి, "పో తల్లీ, పో!" అని అరిచింది.

మేడ వెనక రేవులో గింజల పడవ ఉంది. ఇద్దరూ దానిలోకి దూకారు. సెట్టి తాడు తెగ్గొట్టాడు. నీలవేణి ప్రవాహం పడవను లాక్కుపోయింది. గండభేరుండం నీడ వాళ్ల మీద పడింది. దాని గోరు తగిలి పడవ కొస విరిగింది. ఎదురుగా రెండు కొండలు ఒకదానికొకటి ఆనుకున్నట్టున్న ఇరుకు కనుమ, దానిలో నురగలు కక్కుతున్న నీళ్లు. నదిలో చేపలు పట్టే పల్లెకారులు కూడా అటు పోరు.

"ఆ కనుమలోకి పోతే అది రెక్కలు చాపలేదు," అని సెట్టి అరిచాడు. "బతికి బయటపడితే అవతల ఒడ్డునుంచి దారి నాకు తెలుసు. వకుళమ్మగారూ, ఇవాళ మీరు నోరు మూసుకుని ఒక రాజకుమారి ప్రాణం నిలబెట్టారు. నన్ను గాజుల సెట్టి అనుకుంటున్నారేమో. నా పేరు..."

"చెప్పకండి!" అని వకుళ అతని మాటకు అడ్డం వచ్చింది.

"ఎందుకు? ఇంకా అనుమానమా?"

"అనుమానం లేదు. రేపు నేను పట్టుబడ్డాననుకోండి. తెరిపించే మంత్రం ఎవడైనా కనిపెట్టాడనుకోండి. నాకు తెలియనిది నానుంచి ఎవడూ రాబట్టలేడు. నా మేడ పోయింది గాని నా పని పోలేదు."

ఆమె చీరె కొంగు చింపి, నుదుటి రక్తం తుడుచుకుని, ఆ గుడ్డతోనే కళ్లకు గంతలు కట్టుకుంది. ముడి గట్టిగా ఉందో లేదో రెండుసార్లు లాగి చూసుకుంది. తరవాత తడుముకుంటూ తెడ్డు అందుకుంది. పైన గండభేరుండం రెండు గొంతులతో అరిచింది. ముందు నీటి హోరు మీదికి వస్తోంది.

"ఎటు తిప్పాలో చెప్పండి సెట్టిగారూ," అంది వకుళ. "ఎక్కడికో మాత్రం చెప్పకండి."

"కుడికి!" అని అరిచాడతను.

ఆమె తెడ్డును కుడికి వేసింది.